కుందేటి కొమ్ములు: రాతిగుట్ట మొక్క, ఉత్తరాంధ్ర కుండీలో పెంపకం

కుందేటి కొమ్ములు దక్షిణ భారతదేశపు పొడి గుట్టల మీద, రాతి పగుళ్లలో, ముళ్లపొదల చాటున పెరిగే పూల మొక్క. నాలుగు పలకల పచ్చని కాడలు, కొసకు పోనుపోను సన్నబడే కొమ్మలు, ఆ సన్నని భాగం వెంట తలవంచుకుని వేలాడే ఊదారంగు చిన్న పువ్వులు దీని గుర్తులు. ఆకులు పుడతాయి గాని కంటికి ఆననంత చిన్నవి, పుట్టిన కొద్ది రోజులకే రాలిపోతాయి. ఆహారం తయారుచేసే పని, నీరు నిల్వచేసే పని రెండూ కాడలవే. శాస్త్రీయ నామం కారల్లుమ అడ్సెండెన్స్. జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం, సుగంధిపాల చేరిన అపోసైనేసీ కుటుంబమే దీనిదీ.

కొత్తగా చూసినవారు దీన్ని జెముడు అనుకుంటారు. దీనికి ముళ్లు ఉండవు, పాలు కారవు. కాడ తుంచితే నీళ్లలాంటి రసం వస్తుంది. జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కాబట్టి, తెలియని కాడను తుంచి పరీక్షించే కంటే ముళ్లున్నాయా లేవా అని చూసుకోవడం మేలు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీన్ని పెంచాలనుకునేవారికి ఒక చిక్కుంది. ఇలాంటి మొక్కల మీద వచ్చే సలహాలన్నీ కరువు ప్రాంతాలను, లేదా చలిదేశాల గాజు గదులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడి బెంగ నీరు చాలకపోవడం, లేదా మంచు పడటం. ఇక్కడ మొక్కను చంపేది వాన. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లయితే, ఈ రెండు జిల్లాల్లో వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. పైగా ఏడాది పొడవునా గాలిలో సముద్రపు తేమ ఉంటుంది. అందువల్ల రాయలసీమలో గోడ పక్కన పారేసినా బతికే మొక్కకు ఇక్కడ కొంత ఏర్పాటు చేయాలి. ఆ ఏర్పాటు పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

సామర్లకోట నుంచి శాస్త్ర గ్రంథాలకు

ఈ మొక్క శాస్త్రలోకానికి తెలిసింది ఆంధ్ర తీరం నుంచే. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోటలో స్థిరపడి, తోట వేసి, ఉత్తర సర్కారుల మొక్కలను సేకరించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు, వర్ణనలు లండన్ చేరాక జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 రంగుల పటాలతో అచ్చయ్యాయి. దానికి ముందుమాట రాసిన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో కొన్నేళ్లు ఉండి ఈ తీరపు పాముల మీద పరిశోధన చేసినవాడు. మొదటి సంపుటంలోనే మన మొక్క ఉంది. ఆఫ్రికాలో పెరిగే స్టపేలియాతో పోలిక కనబడటంతో రాక్స్‌బర్గ్ దీన్ని స్టపేలియా అడ్సెండెన్స్ అన్నాడు, పక్కన స్థానికులు చెప్పిన ‘కారల్లం’ అన్న తెలుగు పేరూ రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఈ మొక్క కోసం వేరే ప్రజాతి ఏర్పరచినప్పుడు ఆ తెలుగు పేరునే లాటిన్‌లోకి మలిచి కారల్లుమ అన్నాడు. ఈ పేరు అరబ్బీ నుంచి వచ్చిందని కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది, కాని రాక్స్‌బర్గ్ రాసిన మాట ముందుండగా ఆ వాదన నిలవదు.

తర్వాతి పెద్ద అధ్యయనం 1931లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం ప్రచురించింది. ఎఫ్.హెచ్. గ్రేవ్లీ, పి.వి. మయూరనాథన్ కలిసి భారతీయ కారల్లుమలన్నిటినీ పరిశీలించి, అంతకుముందు వేరువేరు జాతులుగా చెలామణీ అయిన కొన్నింటిని అడ్సెండెన్స్‌కు రకాలుగా కుదించారు. ఇవాళ మందుల షాపుల్లో సీసాల మీద కనిపించే ‘ఫింబ్రియాటా’ అలా కుదించిన రకమే.  

పేర్ల గొడవ అంతటితో ఆగలేదు. గత శతాబ్దం చివర్లో ఈ ప్రజాతిని ముక్కలు చేసి లావు కాడల రకాలను బౌసెరోసియా అన్న వేరే పేరు కిందికి పంపారు. 2017లో దక్షిణాఫ్రికా వృక్షశాస్త్రజ్ఞులు జన్యు ఆధారాలతో ఈ బంధువులన్నిటినీ సెరోపీజియాలో కలిపేయాలని ప్రతిపాదించారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. మొక్కలు పెంచేవారికి దీనివల్ల వచ్చే ఇబ్బంది ఒక్కటే: నర్సరీలో ఒకే మొక్కకు మూడు చీటీలు కనిపిస్తాయి.

పువ్వు, ఈగ

పువ్వు సెంటీమీటరు పైచిలుకు వెడల్పుంటుంది. అయిదు రేకలు, ఊదా లేదా ముదురు గోధుమ రంగు, తరచుగా పసుపు చారలు. ఫింబ్రియాటా రకంలో రేకల అంచున సన్నని నూగు ఉంటుంది, అది చిన్న గాలికే వణుకుతుంది. వాసన మాత్రం మల్లెలు పెట్టుకునే ఇంట్లో ఎవరికీ నచ్చదు. కుళ్లిన మాంసపు ఛాయ ఉన్న ఆ వాసన ఈగల కోసం. అడ్సెండెన్స్‌లో అది లీలగానే ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప తెలియదు. దీని బంధువు అంబెల్లాటా సంగతి వేరు. బొటనవేలంత లావు కాడ చివర పదుల సంఖ్యలో ముదురు రంగు పువ్వులు గుత్తిగా బంతికడతాయి, వసారాలో పెడితే భోజనాల వేళకు మొక్కను పెరట్లోకి జరపాల్సి వస్తుంది. దాన్ని కూడా చాలా చోట్ల కుందేటి కొమ్ములనే పిలుస్తారు.

ఈ కుటుంబంలో పుప్పొడి పొడిగా రాలదు. రెండు మైనపు ముద్దలు ఒక చిన్న పట్టుకొక్కేనికి అతికి ఉంటాయి. తేనె కోసం మూతి దూర్చిన ఈగకు ఆ కొక్కెం చొక్కా జేబుకు తగిలించిన క్లిప్పులా బిగుసుకుంటుంది. ఈగ మరో పువ్వు మీద వాలినప్పుడు ముద్ద అక్కడి సన్నని గాడిలోకి జారి తెగిపోతుంది. జిల్లేడు పువ్వులోనూ ఇదే యంత్రాంగం. పరాగం అందిన పువ్వు నుంచి కొమ్ముల్లా నిక్కబొడుచుకునే జంట కాయలు వస్తాయి. అవి ముదరడానికి నెలలు పడుతుంది. ముదిరి చీలితే పట్టులాంటి కుచ్చులున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. ఒకే మొక్క నుంచి తుంచిన ముక్కలే ఇంట్లో ఉంటే తరచుగా కాయ పట్టదు. వేరే చోటి నుంచి వచ్చిన రెండో మొక్క తోడుండాలి.

రాత్రి పని, పగలు నిద్ర

మామూలు మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, ఆ దారినే నీరు పోగొట్టుకుంటాయి. కుందేటి కొమ్ముల కాడ మీది రంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయి. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా నిల్వచేసుకుని, పగలు రంధ్రాలు మూసి, ఎండ వెలుతురులో ఆ నిల్వను వాడుకుంటుంది. ఈ పద్ధతి తొలి ఆనవాళ్లలో ఒకటి మన దేశం నుంచే వెలుగులోకి రావడం విశేషం. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లాక సామర్లకోట తోట బాధ్యత చూసిన బెంజమిన్ హైన్, రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం కాస్త చేదుగా ఉంటుందని గమనించి లండన్‌కు ఉత్తరం రాశాడు. అది 1815లో లిన్నేయన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. రాత్రి పోగైన ఆమ్లం పగలు ఖర్చవడమే ఆ రుచి మార్పుకు కారణమని తర్వాత తేలింది.

పెంచేవారికి దీనివల్ల పనికొచ్చే సంగతి ఉంది. రాత్రులు చల్లగా ఉన్నప్పుడే ఈ మొక్క చక్కగా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తీరం వెంట రాత్రి కూడా ఉక్క తగ్గదు. ఆ రోజుల్లో మొక్క దాదాపు ఆగిపోతుంది, కాడలు కొంచెం ముడుచుకుని ఊదారంగు తిరుగుతాయి. అది రోగం కాదు. దాన్ని చూసి కంగారుపడి ఎరువేసి, రోజూ నీళ్లు పోసేవారే వేసవిలో మొక్కను పోగొట్టుకుంటారు.

ఉత్తరాంధ్రలో పెంపకం

తూర్పు కనుమలు ఈ రెండు జిల్లాల్లో సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. ఖోండాలైట్ కొండలు, వాటి మధ్య విడిగా లేచిన రాతి గుట్టలు, అడుగున ఎర్రమట్టి మెట్టలు. నెల్లిమర్ల దగ్గర రామతీర్థం చుట్టూ ఉన్న నున్నటి రాతికొండలు చూసినవారికి ఆ నేల స్వభావం తెలుసు: ఎంత వాన కురిసినా గంటలో జారిపోతుంది, పగుళ్లలో గుప్పెడు మట్టి మాత్రం మిగులుతుంది. కుందేటి కొమ్ములకు కావలసిన నేల అలాంటిదే. నీళ్లు రావడం దానికి ఇబ్బంది కాదు, నిలవడం ఇబ్బంది. కుండీలో మనం తయారుచేయాల్సిందీ ఆ జారిపోయే నేలనే.

టెక్కలి పరిసరాలు నీలి గ్రానైట్‌కు పేరుపడ్డాయి. రెండు జిల్లాల్లోనూ క్రషర్లకు కొదవలేదు. భవన నిర్మాణానికి అమ్మే ‘బేబీ చిప్స్’ ఈ మొక్కకు సరిగ్గా సరిపోయే సరుకు. రెండు పాళ్లు చిప్స్, ఒక పాలు ఎర్రమట్టి, అర పాలు ముతక ఇసుక, గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. చిప్స్‌ను ముందు కడగాలి. అంటుకుని ఉన్న క్రషర్ డస్ట్ కడగకుండా వేస్తే రెండు తడుపులకు అడుగున సిమెంటులా గట్టిపడి రంధ్రం మూసేస్తుంది. నాగావళి, వంశధార ఇసుకైతే జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతకదే వాడాలి. సన్న ఇసుక నీటిని పట్టి ఉంచుతుంది. కళింగపట్నం, బారువ వైపు ఉన్నవారు సముద్రపు ఇసుక జోలికి పోవద్దు, దానిలో ఉప్పు వేళ్లను కాల్చేస్తుంది. నర్సరీల్లో అమ్మే కొబ్బరి పొట్టు మిశ్రమం ఈ మొక్కకు పనికిరాదు. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్క ఏదైనా సాధారణంగా అందులోనే వస్తుంది కాబట్టి, తెచ్చిన వారంలోపే పొట్టంతా దులిపి మార్చడం మంచిది.

కుండీ లోతుగా ఉండనక్కర్లేదు. వేళ్లు పైపైనే పరుచుకుంటాయి. అడుగున రెండు మూడు రంధ్రాలు వేయించిన వెడల్పాటి మట్టి మూకుడు ప్లాస్టిక్ కుండీ కంటే నయం, పక్కల నుంచి కూడా తేమ ఆరుతుంది. కుండీని నేల మీద కాక రెండు ఇటుకల మీద ఉంచాలి. వెలుతురు విషయంలో, ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలు, మధ్యాహ్నానికి పలచని నీడ ఉన్న చోటు తగినది. గుట్ట మీద కూడా ఇది పొద చాటునే ఎక్కువగా కనిపిస్తుంది. పూర్తి నీడలో కాడలు సన్నగా సాగి, వాలిపోయి, పూయవు.

నీటికి తారీఖుల లెక్క కంటే చేతి లెక్క నమ్మదగినది. రెండంగుళాల లోతున వేలు పెట్టి పూర్తిగా పొడిగా ఉంటే నిండా పోసి, అడుగు నుంచి కారిపోనివ్వాలి. మళ్లీ ఎండే దాకా తాకకూడదు. వేసవిలో ఇది వారం పది రోజులకొకసారి అవుతుంది, డిసెంబరు, జనవరి నెలల్లో ఇరవై రోజులైనా పట్టవచ్చు. ఎరువు ఏడాదికి ఒకసారి, తొలకరికి ముందు, అదీ కొద్దిగా. నత్రజని ఎక్కువైతే కాడలు ఉబ్బి మెత్తబడి, మొదటి ముసురుకే కుళ్లుతాయి.

అసలు పరీక్ష జూన్ నుంచి నవంబరు వరకు. నైరుతి రుతుపవనాల్లో అడపాదడపా తడిసి ఆరితే నష్టం లేదు, నిజానికి కొత్త కాడలు అప్పుడే వస్తాయి. వానకాలం రెండో సగం నుంచి చలికాలం మొదటి రోజుల దాకా సాధారణంగా పూత కూడా ఉంటుంది. ప్రమాదమల్లా ఎడతెగని ముసురుతో. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మూడు నాలుగు రోజులు కురిస్తే, గాలి ఆడక, మట్టి ఆరక కాడ మొదలు నల్లబడుతుంది. అక్టోబరు ఈ తీరానికి తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళాలనూ కుదిపేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడితోటలను నేలకూల్చింది. అంత గాలిలో కుండీల సంగతి ఎవరికీ గుర్తుండదు గాని, వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజే వాటిని వసారాలోకి జరిపి పెట్టడం పది నిమిషాల పని. డాబా మీద పెంచేవారు సెప్టెంబరు చివర నుంచే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు ఒకటి పైన కట్టుకుంటే ఆ పదినిమిషాలూ మిగులుతాయి. పక్కలు మాత్రం మూయకూడదు. వాన తగలకుండా గాలి తగలాలి. పాత ఇళ్ల చూరు కింద, నీటిధార పడే గీతకు లోపల, ఈ మొక్కకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మొదలు నల్లబడితే మందు కొట్టి లాభం లేదు. ఆ రోజే కాడను నలుపు పూర్తిగా పోయే దాకా పైకి పైకి కోసుకుంటూ వెళ్లి, కోత తెల్లగా, శుభ్రంగా కనిపించాక ఆపాలి. కోసిన చోట బూడిదో పసుపో అద్దడం చాలామంది వాడుక. అసలు కాపాడేది మాత్రం నీడన వారం రోజులు ఆరబెట్టడమే. మొదలు పోయినా కొసలు దక్కుతాయి, దక్కిన ప్రతి ముక్కా మొక్క అవుతుంది.

కాడ ముక్కలతో పెంచే పద్ధతి కూడా ఇదే. చెయ్యెడు కాడను కణుపు దగ్గర కోసి, నీడన ఆరనిచ్చి, పొడి చిప్స్ మిశ్రమంలో అంగుళం లోతున నిలబెట్టాలి. లేచి నిలవకపోతే చిన్న పుల్ల కట్టవచ్చు. పది రోజుల తర్వాత తొలి నీరు. రెండు మూడు వారాల్లో వేళ్లు దిగుతాయి. ఫిబ్రవరి, మార్చి ఇందుకు బాగా అనువు, వానలు వచ్చేలోగా మొక్క నిలదొక్కుకుంటుంది. గింజలతో పెంచాలంటే కాయ చీలకముందే దానికి దారం చుట్టడమో, పలచని గుడ్డసంచి కట్టడమో చేయాలి. తాజా గింజ కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది, పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది.

పురుగుల్లో పిండినల్లి ముఖ్యం. కాడల పలకల మధ్య తెల్లని దూదిలా కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే పోతుంది. వేళ్లకు పట్టే పిండినల్లి కంటికి కనిపించదు. నీళ్లు, ఎండ అన్నీ సరిగా ఉన్నా మొక్క పెరగడం మానేస్తే కుండీ తిరగేసి చూడాలి. వేపనూనె వాడితే సాయంత్రమే వాడాలి, ఎండలో చల్లితే కాడ మీద మచ్చలు కాలుతాయి. వానకాలంలో నత్తలు లేత కొసలను రాత్రికి రాత్రి కొరికేస్తాయి.

తిండిగా, మందుగా

పొడి ప్రాంతాల్లో ఈ కాడలను తినడం పాత అలవాటు. పశువులు కాసేవారు, గుట్టలెక్కేవారు పచ్చిగా నమిలేవారు. కొన్నిచోట్ల చింతపండుతో పచ్చడి చేస్తారు. రుచి కొద్దిగా పులుపు, కొద్దిగా ఉప్పన, వెనక చేదు. నమిలితే ఆకలి, దాహం తెలియవన్న నమ్మకం దక్షిణాదిలో చాలాచోట్ల ఉంది. ఈ నమ్మకాన్ని పట్టుకునే బరువు తగ్గించే పొడులు, గొట్టం మాత్రలు బజారులోకి వచ్చాయి. 2007లో బెంగళూరు పరిశోధకులు 50 మంది పెద్దలపై 60 రోజుల పరీక్ష జరిపారు. సగం మందికి రోజుకు ఒక గ్రాము కాడల సారం, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సారం తీసుకున్నవారిలో నడుము కొలత, ఆకలి తగ్గాయి. బరువులో తేడా మాత్రం గణాంకాల లెక్కకు నిలవలేదు. సీసాల మీది ప్రకటనలు మొదటి ఫలితాన్ని పెద్ద అక్షరాల్లో చెబుతాయి, రెండోదాన్ని చెప్పవు. కుండీలో పెంచిన కాడను ఇంట్లో మందుగా వాడటం, ముఖ్యంగా గర్భిణులు, మధుమేహానికి మాత్రలు వాడేవారు, వైద్యుణ్ణి అడగకుండా చేయవలసిన పని కాదు.

ఆఫ్రికాలో దీని దూరపు బంధువు హూడియాను కలహారి ఎడారిలో సాన్ ప్రజలు వేటకు వెళ్తూ నమిలేవారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ దాని మీద పేటెంటు తీసుకున్నాక గొడవ రేగి, చివరికి 2003లో సాన్ ప్రజలకు లాభంలో వాటా ఇచ్చే ఒప్పందం కుదిరింది. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం అలాంటి వాటాకు దారి చూపుతోంది. అటవీ మొక్కను వ్యాపారానికి తీసుకునే కంపెనీ సాధారణంగా ప్రతిఫలం చెల్లించాలి. రిజర్వు అడవి నుంచి పెకలించడం ఇంటి కుండీ కోసమైనా నేరమే. గుట్టలు క్వారీలకు పోతున్న చోట ఈ మొక్కకు వేరే ఆశ్రయం లేదు, మిగిలిన గుంపుల నుంచి వేళ్లతో సహా లాగేస్తే మళ్లీ పుట్టదు. పెంచేవారి దగ్గర చెయ్యెడు కాడ అడిగి తెచ్చుకోవడమే సరైన దారి.

పక్క కుండీల్లో

ఇదే మిశ్రమం, ఇదే జాగ్రత్తతో పెంచదగిన బంధువులు రెండున్నాయి. ఆఫ్రికా నుంచి వచ్చిన స్టపేలియా జైగాంటియా పువ్వు జానెడు దాటుతుంది, వాసన అంబెల్లాటాను మించుతుంది, ఈగలు మోసపోయి దానిమీద గుడ్లు కూడా పెడతాయి. అపురూపమైనది ఫ్రీరియా ఇండికా. 1860లలో మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో ఎన్.ఎ. డాల్జెల్ గుర్తించి, బొంబాయి గవర్నరు బార్టల్ ఫ్రీర్ పేరు పెట్టాడు. ఈ గుంపులో మామూలు ఆకులు ఉన్న అరుదైన మొక్క అది. సహ్యాద్రి కొండచరియల మీద కొద్దిచోట్లే మిగిలింది గాని, కుండీలో కాడ ముక్కతో తేలిగ్గా పెరుగుతుంది. వానల్లో ఆకులు వేసి, నక్షత్రంలాంటి ఎర్రని పువ్వులు పూసి, పొడికాలం రాగానే ఆకులన్నీ రాల్చేస్తుంది. జనవరిలో అలా మోడుగా కనిపించినప్పుడు చచ్చిందనుకుని అదేపనిగా నీళ్లు పోయకూడదు. తొలకరి దాకా నెలకొక్క తడి ఇస్తే చాలు.